పార్సిలు కర్చు

నేను కబురు పెడితే దిల్షాద్‌బీ జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు, నా అంగడికి వచ్చింది. రాంగనే కంపెనీ జాబు చూపించినా.

"గెలిచినాం తల్లీ! గ్యారంటీలో ఉండంగనే చెవిమిషను చెడిపోతే, మదరాసుకు పార్సిలు కర్చు నువ్వెందుకు పెట్టుకోవాల? వాళ్లే పెట్టుకుంటారంట, సూడు!"

ఆ కర్చు తానే ఇస్తానని ఆమె మొదట్లోనే అనింది. నేనే ఒప్పుకోలేదు. మిషను బీరువాలో పెట్టి, మూడు నెల్లు కంపెనీతో జాబుల మీద జాబులు రాసి కొట్లాడినా.

"ఈ పొద్దే పంపిస్తా. మీ నాయనకు మళ్లా బాగా ఇనపడతాది."

"నాయన మొన్న శుక్రవారం పోయినాడు శెట్టీ."

ఆమె జాబు మడిచి నా చేతికిచ్చింది.

"ప్రాణం పోయేటప్పుడు చెవిలో కలిమా చదవాల గదా. గట్టిగానే చదివినా. ఇనపడిందో లేదో."