వెనకవైపు కుట్టు

"ఈ గుడ్డకే సిరా పూసి అచ్చు వెయ్యరా. ఊరంతా అంటించాలి," అంది పిన్ని.

ఆవిడ కొడుకు శవంతో పాటు సైన్యం పంపిన పట్టుగుడ్డ అది. దాని మీద జరీతో 'వీరమాత' అని కుట్టి ఉంది.

యుద్ధం వద్దంటూ పోస్టర్లు అచ్చేసే ఆవిడ అక్క కొడుక్కి ఒళ్ళు మండింది. "వీరుణ్ణి మింగి మాతని మిగిల్చారు. దానికి ఊరంతా చాటింపు కూడానా?"

పిన్ని గుడ్డని బల్ల మీద పరిచింది.

అక్షరాలు తిరగబడకుండా పడాలంటే గుడ్డ వెనకవైపే సిరా పూయాలి. పూసి, కాగితం అద్ది తీశాడు. అక్షరాలు సరిగ్గానే పడ్డాయి. వాటినిండా దారపు ముడులు, తెగిన పోగులు, అడ్డదిడ్డం కుట్లు.

"ఛీ! ఎంత వికారంగా పడింది. ఈ కాగితం చింపేస్తా పిన్నీ."

"చింపకు. వెనకవైపు ఇలాగే పడుతుందని తెలిసే తెచ్చాను." ఆవిడ ఆ ముడులని వేలితో తడిమింది. "శవపేటిక తెరవొద్దన్నారు. తెరిచాను. వాడి పొట్టంతా ఇలాగే కుట్టారురా."