చక్కెర సీసా

"ఎవడు మార్చాడు నా చక్కెర సీసాని?" నుదుటి మీది రక్తాన్ని అరచేత్తో అదిమిపట్టి వెర్నా అరిచింది. హాస్య సన్నివేశంలో ఆమె తలమీద పగలాల్సింది చక్కెరపాకంతో పోసిన ఉత్తుత్తి సీసా. పగిలింది అసలు గాజుది. తెర అవతల జనం ఇంకా పడీపడీ నవ్వుతున్నారు.

"ఇంకెవడు, సామాన్లు చూసే ఈ ఓటిస్ గాడే! పోరా బయటికి," అన్నాడు ఆమె భర్త, నిర్మాత గ్రాంట్.

"ఒట్టు మేడమ్, నేను పెట్టింది చక్కెరదే!"

"పోనీలే వెర్నా," అన్నాడు గ్రాంట్. "సినిమాల రోజుల్లో కూడా జనం నిన్ను చూసి ఇంతగా నవ్వలేదు. టీవీ వాళ్లు ఇక మన షో ఆపరు."

వెర్నా కెమెరామన్ లూ వైపు తిరిగింది.

"రిహార్సల్లో తలుపు దగ్గరున్నవాడివి, ఇవాళ సీసా పగలకముందే కెమెరాతో నా మొహం మీదికెందుకొచ్చావు?"

లూ తలదించుకున్నాడు. "రమ్మన్నారు మేడమ్. ఈసారి నిజంగానే అరుస్తుంది, మొహం వదలకు అన్నారు."

"ఎవరు?"

లూ కళ్లు గ్రాంట్ మీద ఆగాయి.

గ్రాంట్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. వెర్నా విదిలించికొట్టి, తెర తోసుకుని వెళ్లి మైకు అందుకుంది.

"ఆపండి నవ్వులు! ఇది రంగు కాదు, నా రక్తం. నా తలమీద అసలు సీసా పగలగొట్టించింది నా మొగుడు, గ్రాంట్ ఫెల్‌మన్!"