దగ్గు వినే గోరింక

కుందేళ్ల మిట్టలో దగ్గు జబ్బు పాకింది. గోరింక రోజూ బొరియ బొరియకీ తిరిగి, దగ్గేవాటికి మందాకు ఇచ్చేది. కానీ అది ఏ గుమ్మం ముందు ఆగితే ఆ గడప మిగతా కుందేళ్లు తొక్కేవి కావు. అందుకని దాన్ని చూడగానే తల్లి కుందేళ్లు పిల్లల మూతులు నొక్కిపట్టి, "మాకేం జబ్బుల్లేవమ్మా. ఎవరైనా చూస్తారు, ముందు ఇక్కణ్ణుంచి వెళ్లు" అనేవి.

గోరింక వెళ్లినట్టే వెళ్లి, చాటున నిలబడి చెవి ఒగ్గి వినేది. లోపల దగ్గు వినబడితే గుమ్మంలో ఆకు పెట్టి ఎగిరిపోయేది.

ఒక సాయంత్రం తన తొర్రలో గోరింకకే దగ్గొచ్చింది. గబుక్కున రెక్కతో ముక్కు మూసుకుంది. బయట ఎవరైనా వింటున్నారేమోనని తొంగి చూసింది.

ఎవరూ లేరు.

రెక్క తీసేసి, తనివితీరా దగ్గింది.