ఇంకో నొప్పి చూద్దాం

హెడ్ సిస్టర్ పొడవాటి కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచింది.

"చదువు," అంది.

ట్రైనీ నర్సు కాగితం మీదికి వంగింది. ఇది సరిగ్గా చదివితే రేపటి నుంచి కాన్పుల గదిలో డ్యూటీ. తప్పితే మళ్ళీ జనరల్ వార్డులో జ్వరాలు చూసుకోవాల్సిందే. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. హెడ్ సిస్టర్ ఓ పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. ట్రైనీలంతా చాటుగా ఆవిడని 'అలారం' అంటారు. బిడ్డ గుండె చూసే మిషన్ కంటే ముందు ఆవిడే మోగుతుందని.

రంగు పాలిపోయిన ఆ కాగితం మీద రెండు గీతలున్నాయి. పైది కడుపులో బిడ్డ గుండె వేగం, కిందది తల్లి నొప్పులు. చూశానని చెప్పడానికి డ్యూటీ నర్సు మధ్యమధ్య టిక్కులు పెట్టింది.

ట్రైనీ గీత వెంట వేలు జరిపింది. నూట నలభై. నూట నలభై ఐదు. గుండె హాయిగా పరిగెడుతోంది. మూరెడు దూరం పోయాక వేలు ఆగింది.

"ఇక్కడ మేడమ్. నొప్పి తగ్గాక గుండె పడిపోతోంది. వంద... తొంభై... మళ్ళీ లేవడానికి చాలాసేపు పడుతోంది. లోపల బిడ్డకి ఆక్సిజన్ అందట్లేదు."

"నువ్వైతే ఏం చేస్తావ్?"

"తల్లిని పక్కకి తిప్పి పడుకోబెడతాను. వెంటనే డాక్టర్ని పిలుస్తాను. ఇంకో నొప్పి దాకా ఆగను."

హెడ్ సిస్టర్ ముందుకి వెళ్ళమని సైగ చేసింది. ట్రైనీ వేలు ముందుకు కదిలింది. ఇంకో పల్లం. ఇంకోటి. పక్కనే టిక్కులు. ఆఖరికి గీత కిందికి జారింది, మరి లేవలేదు. ట్రైనీకి ఏడుపొచ్చినంత పనైంది.

"బిడ్డ?"

"ఆడపిల్ల. ఏడవలేదు."

"ఈ నర్సు నిద్రపోయిందా మేడమ్?"

"లేదు, చూస్తూనే ఉంది. ఆవేళ నర్సులు ఇద్దరే, కాన్పులు నాలుగు. 'మిగతావాళ్ళని నువ్వు చూడు, ఈ మంచం సంగతి నాకొదిలెయ్' అని రెండో నర్సుని పంపేసింది. డాక్టరేమో ఆపరేషన్లో ఉన్నారు. ఊరికే కంగారు పెట్టడం ఎందుకు, ఇంకో నొప్పి చూద్దాం అనుకుంది. అలా ఆరు నొప్పులు చూసింది."

"తల్లి ఏమీ అడగలేదా?"

"బాగానే ఉందని నర్సు అనుకుంది. తల్లి నమ్మింది."

ట్రైనీకి ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా ఉన్నది ఎవరన్నది కూడా మర్చిపోయింది.

"కళ్ళు పోయాయా దానికి! ఉద్యోగం పీకేశారా లేదా?"

"ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పాపం అన్నారు."

"పాపమా! ఆ తల్లిని అడగాలి మేడమ్. నేనైతే జన్మలో క్షమించను."

"పదకొండేళ్ళయింది. క్షమించలేదు," అంది హెడ్ సిస్టర్.

కాగితాన్ని ట్రైనీ వైపు జరిపింది. "పాసయ్యావు. అది చుట్టి బీరువాలో పెట్టు. రేపు ఎనిమిదింటికల్లా కాన్పుల గదిలో ఉండాలి." అని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన మాటే అయినా ట్రైనీకి సంతోషం కలగలేదు. కాగితం చుడుతుంటే చివర్న పేర్ల మీద అంటించిన ప్లాస్టర్ ఊడి చేతికొచ్చింది.

తల్లి పేరు దగ్గరా, డ్యూటీ నర్సు పేరు దగ్గరా రాసి ఉన్నది ఒక్కటే పేరు, హెడ్ సిస్టర్‌ది.