అమ్మ మీద లెక్క

జీవశాస్త్రం విద్యార్థులు కాలిక్యులస్ లెక్కలు ఇంట్లోవాళ్ళ శరీరాల మీదే చెయ్యాలన్నది యూనివర్సిటీ నియమం. అంకెలు వాళ్ళ చేతికి కట్టిన పట్టీ పంపుతుంది. జవాబు తప్పితే సీటు పోతుంది. ప్రణవికి తల్లి సుగుణ కిడ్నీల లెక్క వచ్చింది.

"అయిందటే?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది సుగుణ.

"అయిందమ్మా. నీకు రానురాను మెరుగేనట."

"ఏదీ, చూడనీ."

"నీకేం అర్థమవుతుందిలే."

"నాదీ బీఎస్సీ మేథ్సేనే తల్లీ."

సుగుణ చేతులు తుడుచుకుని తెర మీది వరసలన్నీ చదివింది. ఒకచోట మైనస్ ప్లస్‌గా మారింది. అందుకే కిడ్నీల పనితీరు చూపే గీత పైకి పోతోంది. ప్రణవి పొరపాటు చేసే పిల్ల కాదు.

"ఇది దిద్దు."

ప్రణవి తల అడ్డంగా ఊపింది. సుగుణే వేలితో దిద్దింది. గీత కిందికి వాలి, వచ్చే వేసవిలో సున్నాను తాకింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది సుగుణ. "పంపు."