ఇటుక పాటలో ఒక అక్షరం

అక్షరాలు నేర్చుకుని నాలుగేళ్లే అయింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. రాయడం నెమ్మది కాబట్టి కథ కూడా చిన్నదే.

రికార్డింగ్ గదిలో పాట మూడోసారి ఆగిపోయింది.

ఆపింది పెట్టె మాస్టారు. సింథసైజర్ మీంచి చెయ్యి తీసి, తల అడ్డంగా ఊపాడు.

ఆయన పేరేమిటో పాడే నలుగురు ఆడవాళ్లూ అడగలేదు. నల్లటి పెట్టె భుజాన వేసుకుని వచ్చాడు కాబట్టి పెట్టె మాస్టారు. అరవై దాటి ఉంటాయి. ఆయనకు మాట రాదు. చెప్పాల్సింది కాగితం మీద రాస్తాడు. వీళ్లకు చదువు రాదు. మధ్యలో స్టూడియో యజమాని చదివి చెప్పాలి.

"మళ్లీ ఏమొచ్చిందట?" అంది పెద్దకోడలు. జట్టులో మొదటి గొంతు ఆవిడదే.

"ఆయన చెవులు పాము చెవులమ్మా. ఏదో పట్టుకునే ఉంటారు" అన్నాడు యజమాని.

అత్తల కాలంలో ఇటుకబట్టీ దగ్గర పుట్టిన పాటలవి. ఇటుకలు చేతులు మారుతుంటే అలుపు తెలియకుండా పాడుకున్నవి. ఇప్పుడు కొత్త వాయిద్యాలతో ఆల్బమ్‌గా వస్తున్నాయి. అడుగున బీట్ వేశారు. గొంతుల్లో గరుకు తీసేశారు. పెద్దకోడలు అన్నిటికీ సరేనంది.

మాట మాత్రం మార్చనంది. మంచాన పడ్డ అత్త చివరి రోజుల్లో ఈ ఇటుక పాట నేర్పి, "ఒక్క అక్షరం కూడా పోనివ్వకే" అని చేతిలో చెయ్యి వేయించుకుంది.

"మా గోడు వినే ఇటుకమ్మా, మెల్లగ మెల్లగ మోగమ్మా."

బాగా కాలిన ఇటుకని తడితే గంటలా మోగుతుంది. అదీ పాట.

యజమాని కాగితం అందుకుని చదివాడు. "'మా' కాదట. 'మూ' అని ఎత్తుకోమంటున్నారు."

"మూ ఏమిటి, మేమేమన్నా ఆవులమా?" అంది తోడికోడలు.

అందరూ నవ్వారు. పెట్టె మాస్టారూ నవ్వాడు. నవ్వుతూనే మొదటి స్వరం మళ్లీ నొక్కి పట్టుకుని, పెదాలు సున్నాలా చుట్టి చూపించాడు.

"శ్రుతి కోసమేమో. అలా అంటే పెట్టె స్వరంలో బాగా కలుస్తుందేమో" అన్నాడు యజమాని.

"కలవకపోతే పెట్టెనే వచ్చి కలవమనండి. గోడు మాది. మాది కాబట్టి 'మా' అనే అంటాం."

పెట్టె మాస్టారు ఇంకో కాగితం తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు రాశాడు. యజమాని చెయ్యి చాచాడు.

"చదవకండి" అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. "మా అత్తకి మాటిచ్చాను. ఇంకొక్కసారి అక్షరం మార్చమంటే ఈ పాటే తీసేయండి. మిగతావి వేసుకోండి."



పెట్టె మాస్టారు ఆవిడ వంక చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులోనే వేసుకున్నాడు. పాట ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపి, పెట్టె మెట్ల మీద వేళ్లు పెట్టాడు.

ఆ తర్వాత పాట ఎక్కడా ఆగలేదు.

మూడు నెలలకు ఆల్బమ్ వచ్చింది. బస్సుల్లో, సెలూన్లలో, ఫోన్లలో ఇటుక పాటే. కుర్రకారు దానికి గంతులు కూడా వేస్తున్నారని తోడికోడలు మురిసిపోయింది.

"పెట్టె మాస్టారు కనబడరేం?" అని స్టూడియోలో అడిగింది పెద్దకోడలు. "ఆ రోజు కాస్త కటువుగా అన్నాను."

"ఆయన పోయి ఇరవై రోజులైందమ్మా. గుండెపోటు. వెనకాముందూ ఎవరూ లేరు."

"అయ్యో. మంచి చెయ్యి" అంది ఆవిడ.

ఆ ఆదివారం అత్తగారి అక్కను చూడబోయింది. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు అదే బట్టీలో ఇటుకలు మోసింది. ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టి పాట వినిపించింది.

ముసలావిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది.

"బాగుందే. వెన్న రాసినట్టుంది. ఎత్తుకున్న మాటే తప్పు."

"అత్త నేర్పినట్టే పాడాను పెద్దత్తా."

"మా చెల్లి నోట్లో ఎప్పుడూ పొగాకు ముద్ద. సగం మాట బుగ్గలోనే ఉండిపోయేది. మా గోడు కాదే పిచ్చిదానా, మూగోడు. మూగోడు వినే ఇటుకమ్మా."

పెద్దకోడలు ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"ఏ మూగోడు?"

"మాతో పనిచేసేదాని కొడుకు. ఇటుకల చాటున పడుకోబెట్టి పనికొచ్చేది. వాడు అమ్మా అని పిలవలేడు కదా. అందుకని తల్లే ఇటుక మీద ఇటుక తట్టేది, ఇక్కడే ఉన్నానురా అన్నట్టు. ఆ మోతకే పాట కట్టింది."

పెద్దకోడలు పెదాలు సున్నాలా చుట్టి చూసుకుంది.

"వాడు పెద్దయ్యాక ఏదో పెట్టె వాయిస్తున్నాడని విన్నాను" అంది ముసలావిడ, "ఎక్కడైనా కనబడితే వాళ్లమ్మ పాట ఒకసారి సరిగ్గా పాడి వినిపించవే."

— చిన్నక్క, అరవై ఏడేళ్లు. ఇప్పుడు చిన్న కూతురి దగ్గర, మేడ మీది గదిలో ఉంటున్నాను.