ఆకుపచ్చ ఏనుగు

"కళ్ళేవీ వీటికి?" అంది సరోజినీదేవి, బొంత అంచు పట్టుకుని పైకెత్తి.

వసారాలో చాప మీద కూర్చుని కుడుతున్న ఖతీజాబీ తల ఎత్తలేదు. పాత చీరలు మడతలుగా పరిచి కుట్టిన ఆ బొంత మీద ఏనుగు, లేడి, కుందేలు, ఒంటె రంగురంగుల గుడ్డముక్కల్లో కుదురుగా నించున్నాయి. తొండం ఉంది, చెవులున్నాయి, తోక చివర కుచ్చు కూడా ఉంది. ఒక్కదానికీ కళ్ళు మాత్రం లేవు.

"నిన్న అడిగితే రేపు పెడతానన్నావుగా?"

"పెట్టకూడదండీ అమ్మగారూ," అంది ఖతీజాబీ నెమ్మదిగా. "మాలో ప్రాణమున్నవాటి బొమ్మలకి కళ్ళు పెట్టరు. పెడితే, ప్రాణం కూడా నువ్వే పొయ్యమని రేపు అల్లా అడుగుతాడంట. నేనెక్కణ్ణించి తెచ్చి పొయ్యనండీ?"

సరోజినీదేవికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "ఆ నియమమేదో మొదలెట్టేటప్పుడు గుర్తు రాలేదా? చిన్నపిల్ల కప్పుకునే బొంత! కళ్ళు లేని జంతువుల్ని పక్కలో పెట్టుకుని పడుకుంటుందా? అపశకునం. ఇటివ్వు, పక్కింటి నాగేశ్వరమ్మ కోడలు కుడుతుంది. ఈ సంగతి తెలిశాక ఊళ్ళో నీకింకెవరు బొంత ఇస్తారో నేనూ చూస్తాను."

ఖతీజాబీ చేతిలో సూది ఆగిపోయింది. తిరువూరులో పసిపిల్లల బొంత అంటే ఆమె పేరే చెబుతారు. ఆ పేరు పోతే ఇంక మిగిలేది ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చోవడమే. ఆమెకి నిజంగానే భయం వేసింది. బొంతని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది.

బొంత ఎవరి కోసమో ఆ పిల్ల, నాలుగేళ్ళ కుసుమ, స్తంభం చాటు నుంచి ఇదంతా చూస్తోంది. సరోజినీదేవి కూతురి కూతురు. తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ పక్కలో చోటు పోయింది. అమ్మమ్మ ఎంత జోకొట్టినా దూలాలకేసి చూస్తూ పడుకుంటుంది తప్ప రెప్ప వెయ్యదు. అలిగిన పిల్లకి నిద్ర పట్టించడానికే ఈ బొంత. ఖతీజాబీకి సూదిలో దారం ఎక్కించి పెట్టేదీ ఆ పిల్లే.

"అమ్మమ్మా, అరవకు. లేస్తాయి," అంది కుసుమ.

"ఏంటే లేచేది?"

"అవి. నిద్రపోతున్నాయి. నిద్రపోతుంటే కళ్ళెట్లా కనపడతాయి?"

సరిగ్గా అప్పుడే తోటల మీంచి మామిడిపూత వాసన మోసుకుంటూ గాలి వచ్చింది. వచ్చి బొంత కింద దూరింది. ఏనుగు పొట్ట మెల్లగా ఉబ్బి, మెల్లగా దిగింది. లేడి అటు ఒత్తిగిలింది. కుందేలు చెవి కదిలిందో, గుడ్డ కొసే కదిలిందో. దూరంగా బెజవాడ బస్సు హారను మోగితే, అది కూడా నిద్రలో ఎవరో పలవరించినట్టే ఉంది. ఆ మధ్యాహ్నం వసారా అంతా కాసేపు అడివైపోయింది.

"అది సరేనే, ఏనుగు ఎక్కడన్నా ఆకుపచ్చగా ఉంటుందా?" అంది సరోజినీదేవి. అడిగింది గుసగుసగానే. గొంతు ఎందుకు తగ్గించిందో ఆమెకే తెలియదు.

ఖతీజాబీ ఏనుగు వీపు నిమిరింది.

"గడ్డి తిని తిని అట్లా అయింది," అని కుసుమే చెప్పేసి, బొంత మీదకి పాకి, "జరుగు" అని ఒంటెని కసిరి, ఏనుగు పొట్ట మీద చెంప ఆనించింది. వేలు నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు రెప్పలు బరువుగా కొట్టుకుని మూతపడ్డాయి.

సరోజినీదేవి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఎన్నాళ్ళకి పడుకుంది పిల్ల! ఖతీజాబీ వేళ్ళతో అంచు వెతుక్కుంటూ, పిల్ల కదలకుండా, మిగిలిన చివరి వరస కుట్టేసింది. ముడి వేసి దారం పళ్ళతో కొరికింది.

"నోరు జారాను ఖతీజా," అంది సరోజినీదేవి. "మీ నియమాలు మీవి. మనసులో పెట్టుకోకు. మా మరిదిగారి మనవడికి కూడా ఇట్లాంటిదే ఒకటి కుట్టు. కళ్ళు లేకుండానే."

"అట్లాగేనండీ," అంది ఖతీజాబీ.

పొద్దువాలాక కోడలు సాలెహా అత్తని తీసుకెళ్ళడానికి వచ్చింది. గుమ్మం దగ్గరే సరోజినీదేవి జరిగిందంతా చెప్పి, "నేనెంత కోప్పడ్డా నియమం తప్పలేదమ్మా మీ అత్త. నిష్ఠంటే అదీ," అని మెచ్చుకుంది. సాలెహా తలూపింది.

మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగింది. "బొమ్మలకి కళ్ళు పెట్టకూడదని మనింట్లో ఎవరన్నారత్తా? పోయినేడు మా వాడి బొంత మీద చిలకలన్నిటికీ నువ్వే కుట్టావుగా కళ్ళు?"

ఖతీజాబీ కోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అప్పటికి నాకు కళ్ళు కనపడేవి కదే సాలెహా."